దమ్మిడీ తీర్పు

కిందటి దీపావళికి మా ఇంటికి ఒక చాక్లెట్ల పెట్టె వచ్చింది. పంపినవారు ఒక పుస్తక ప్రచురణకర్త. మా కళాశాలలో పాఠ్యగ్రంథాలను ఎంపికచేసే సంఘంలో నేనూ ఒకణ్ణి. పెట్టెతోపాటు ఆయనగారు వేసిన వ్యాకరణ పుస్తకం ఒక ప్రతి, "తమ దయ" అంటూ ఒక ఉత్తరమూ ఉన్నవి. పండుగ పూట చాక్లెట్లకేముందిలే అనుకున్నాను. పుస్తకం సంగతి నిదానంగా చూద్దాం, తొందరేమిటి అని కూడా అనుకున్నాను. తీరా పెట్టె బీరువా మీద పెట్టబోతుంటే మూత మీద క్యాడ్‌బరీ అన్న పేరు కనిపించింది. ఎప్పుడో చదివిన ఒక ఉదంతం చప్పున గుర్తుకు వచ్చింది.

ఇంగ్లండులో పదిహేడో శతాబ్దిలో క్వేకర్లనే ఒక క్రైస్తవ శాఖ బయలుదేరింది. జార్జి ఫాక్స్ దానికి మూలపురుషుడు. వారి ప్రార్థనలో పురోహితుడు లేడు. అందరూ మౌనంగా కూర్చుంటారు. అంతరంగంలో ప్రేరణ కలిగినవారు లేచి నాలుగు మాటలు చెబుతారు. న్యాయస్థానంలో ప్రమాణం చేయమంటే మాత్రం చేయరు. ప్రమాణం చేసినప్పుడే నిజం చెబుతామంటే, తక్కిన వేళల్లో అబద్ధమాడుతున్నామని ఒప్పుకున్నట్టే గదా అని వారి వాదం.

ఈ వాదాన్నే వారు అంగడిలోకి తెచ్చారు. ఆ రోజుల్లో అక్కడా మన సంతలో మాదిరే బేరాలు. పది అడిగి ఆరుకు ఇచ్చేవాడు మొదటి మాటలోనే అబద్ధమాడాడన్నారు క్వేకర్లు. సరుకుకు ఒకే ధర పెట్టారు. మొదట జనం వింతగా చూసినా, చిన్నపిల్లవాణ్ణి పంపినా మోసం జరగదని తెలిశాక ఆ దుకాణాలకే వెళ్లసాగారు. అప్పులు తీర్చలేక దివాలా తీసిన సభ్యుణ్ణి సంఘం పిలిచి విచారించేది, వెలివేయడమూ కద్దు. మతనిబంధనల మూలంగా ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి తలుపులు వీరికి చిరకాలం మూసే ఉన్నవి. ఆ నిబంధనలు చాలావరకు తొలగింది 1871లో. అందుచేత తెలివైన కుర్రవాళ్లు వ్యాపారాల్లో దిగారు. లాయిడ్స్, బార్‌క్లేస్ బ్యాంకుల పునాదుల్లో ఉన్నది వీరే.

అటువంటివాడే జాన్ క్యాడ్‌బరీ. 1824లో బర్మింగుహామ్‌లో చిన్న దుకాణం పెట్టి టీ, కాఫీ, కోకో అమ్మాడు. జనం సారాయి మాని ఇవి తాగితే మేలని ఆయన నమ్మకం. 1861లో కుమారులు రిచర్డు, జార్జి వ్యాపారం అందుకున్నారు. అప్పట్లో కోకోలో పిండి కలపడం మామూలు, వీరూ కలిపినవారే. 1866లో మాత్రం డచ్చి యంత్రంతో కొవ్వు తీసి, కల్తీలేని కోకో పొడి అమ్మకానికి పెట్టారు. 1879లో ఊరి బయట బోర్న్‌విల్‌లో కర్మాగారం కట్టారు. తరువాత దాని పక్కనే తోటలతో ఇళ్లు లేచాయి. 1900లో జార్జి ఆ ఇళ్లనూ, నేలనూ ఒక ధర్మసంస్థకు అప్పగించాడు. ఆ ఊళ్లో సారాయి దుకాణం ఉండరాదని నియమం.

ఇంతవరకూ పురాణంలా వినసొంపుగానే ఉంది. అసలు పరీక్ష 1901లో వచ్చింది.

వారికి కావలసిన కోకో గింజల్లో సుమారు సగం ఆఫ్రికా తీరాన పోర్చుగీసువారి సావోతోమే దీవి నుంచి వచ్చేవి. అక్కడ ఒక తోట అమ్మకానికి వచ్చినప్పుడు, ఆస్తుల జాబితాలో కూలీలను కూడా వెల కట్టి చూపారు! బానిసత్వం రద్దయిందని కాగితం మీద ఉంది. అంగోలా నుంచి మనుషులను అయిదేళ్ల ఒప్పందమని తెచ్చేవారు. తిరిగి ఇల్లు చేరినవారు దాదాపు లేరు. జార్జి అన్నకొడుకు విలియమ్ క్యాడ్‌బరీ ఈ సంగతి విని కలవరపడ్డాడు. విచారించాడు, ప్రభుత్వాలతో సంప్రదించాడు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే ఆయనను స్వయంగా చూసి రమ్మని పంపాడు. విచారణ సాగుతూనే ఉంది. గింజల కొనుగోలూ సాగుతూనే ఉంది. 1909 మార్చిలో గాని కొనడం మానలేదు. ఫ్రై, రౌన్‌ట్రీ అనే తక్కిన రెండు క్వేకరు కంపెనీలూ అప్పుడే మానాయి.

ఈలోగా, 1908లో, స్టాండర్డు అనే పత్రిక వీరి ద్వంద్వనీతిని ఎత్తిపొడిచింది. క్యాడ్‌బరీలు పరువునష్టం దావా వేశారు. 1909 చివర బర్మింగుహామ్‌లోనే విచారణ జరిగింది. ప్రతివాదుల న్యాయవాది ఎడ్వర్డు కార్సన్. ఆ ఎనిమిదేళ్లలో మీ కోకో కోసం ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారో లెక్క చూశారా అని ఆయన అడిగితే, విలియమ్ లేదనవలసి వచ్చింది. జ్యూరీ క్యాడ్‌బరీల పక్షానే తీర్పు చెప్పింది. నష్టపరిహారం ఎంతనుకున్నారు? ఒక ఫార్దింగు. పెన్నీలో నాలుగో వంతు. మన భాషలో దమ్మిడీ!

వీరిని కపటులనడం నాకు సమ్మతం కాదు. కపటులైతే మనిషిని పంపి విచారించడమెందుకు? తొందరపడి మానేస్తే అక్కడి యజమానుల మీద ఒత్తిడి తెచ్చే వీలు పోతుందని విలియమ్ భావించాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ నిదానం వల్ల లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని చూసుకోవాలి. సరుకు ధరలో అబద్ధం పనికిరాదన్న మతం, సరుకు పుట్టిన చోటి దుఃఖం దగ్గర ఎనిమిదేళ్లు తటపటాయించింది. చర్చి అయినా గుడి అయినా మనకు ధర్మం చెప్పగలదు. గడువు మాత్రం మనమే పెట్టుకోవాలి కాబోలు. ఆ వ్యాపారం 2010లో అమెరికాకు చెందిన క్రాఫ్ట్ కంపెనీ చేతికి పోయింది. దమ్మిడీ తీర్పు మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

ఇక మా ఇంటి పెట్టె సంగతి. నెల రోజులయ్యాక ఆ వ్యాకరణం చదివాను. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. చిక్కంతా అక్కడే! దాన్ని మెచ్చుకుంటున్నది నా బుద్ధో, చాక్లెట్లో నాకే తెలియలేదు. పెట్టె తిప్పి పంపుదామని బీరువా మీద నుంచి దించితే సగం ఖాళీ. మా అమ్మాయి నా వంక చూడకుండా వెళ్లిపోయింది.

బజారుకు వెళ్లి అటువంటిదే మరొకటి కొని, ఉత్తరంతో సహా తపాలాలో పంపాను. సంఘం సమావేశంలో జరిగింది చెప్పి, ఆ పుస్తకం విషయంలో నా అభిప్రాయం లెక్కలోకి తీసుకోవద్దన్నాను.

"చాక్లెట్ల పెట్టెకు ఇంత విచారణా?" అంది మా ఆవిడ.

"నెలలో ముగిసింది. సంతోషించు" అన్నాను.