సిప్పీఘాట్‌లో పాత కారు: ఆల్టోనా, బొలెరోనా?

దక్షిణ అండమాన్‌లోని సిప్పీఘాట్ నుంచి శ్రీ విజయపురానికి, అంటే పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌కు, నిత్యం రాకపోకలు సాగించే కుటుంబాలకు సొంత వాహనం ఎంతో అవసరం. కొత్త కారు కొనే స్థోమత లేనివారి ముందు సాధారణంగా రెండు మార్గాలుంటాయి. ఒకటి మారుతి ఆల్టో వంటి చిన్న పెట్రోలు కారు, రెండవది మహీంద్రా బొలెరో వంటి పెద్ద డీజిల్ వాహనం. ఈ రెండూ 2000 సంవత్సరంలోనే భారత విపణిలోకి వచ్చినా, వాటి నిర్మాణం పూర్తిగా భిన్నమైనది.

ఆల్టో 800లో 796 సీసీల, మూడు సిలిండర్ల ఇంజను ఉంటుంది. కారు తేలిక కనుక ఇంధన వ్యయం తక్కువ. విడిభాగాల ధరలు కూడా సామాన్యులకు అందుబాటులోనే ఉంటాయి. అయితే దీనికి ప్రత్యేకమైన చట్రం లేదు. నేలరేకు, తలుపుల కింది అంచులే కారు భారాన్ని మోస్తాయి. అవి తుప్పుపడితే కారు బలమే సన్నగిల్లుతుంది.

బొలెరోలో బాడీని దృఢమైన ఉక్కు చట్రంపై బిగిస్తారు. ఎక్కువ మంది ప్రయాణానికి, సరుకు రవాణాకు, గతుకుల దారులకు ఇది అనువైనది. బాడీ రేకులు పాడైతే మార్చుకోవచ్చు. కానీ చట్రమే తుప్పుపడితే ప్రమాదం తప్పదు. నిర్వహణ వ్యయమూ ఎక్కువే.

సిప్పీఘాట్‌లో మరో అంశాన్ని కూడా గమనించాలి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. ఫలితంగా ఇక్కడి పల్లపు పొలాలలోకి సముద్రపు నీరు చేరింది. ఎత్తుగా ఉండే వాహనాన్ని ఉప్పునీటిలోకి నిస్సంకోచంగా దింపుతారు. అందుచేత చూపులకు దృఢంగా కనిపించే బొలెరో అడుగుభాగమే ఎక్కువగా దెబ్బతిని ఉండవచ్చు.

కనుక కొనేముందు మెకానిక్ చేత వాహనాన్ని పైకెత్తించి అడుగుభాగాన్ని పరీక్షింపజేయాలి. కొత్తగా పూసిన నల్లరంగు తుప్పును కప్పిపుచ్చేందుకు కావచ్చు. సీటు బెల్టును పూర్తిగా బయటకు లాగి చూడాలి. దానిపై బురద చారలుంటే వాహనం నీట మునిగిందని అనుమానించాలి.

పత్రాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఇందుకు 600 రూపాయలుగా ఉన్న రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. కొనుగోలు చేసిన 30 రోజుల్లోగా యాజమాన్య మార్పిడికి దరఖాస్తు చేయాలి. ప్రధాన భూభాగం నుంచి ఓడలో తెప్పించే వాహనానికి అక్కడి రవాణా అధికారుల నిరభ్యంతర పత్రం ఉండాలి.

నలుగురి రోజువారీ ప్రయాణానికి ఆల్టో, బరువులకూ దూరపు దారులకూ బొలెరో తగినవి. ఏది ఎంచుకున్నా, అడుగుభాగం బాగులేని కారు ఎంత చవకైనా నష్టమే. కొన్న తరువాత కూడా ఉప్పునీరు తగిలిన ప్రతిసారీ అడుగుభాగాన్ని మంచినీటితో కడగడం మరువరాదు.