కొత్త మైదానంలో ఆడే ముందు: గోల్ఫ్ నేర్పిన లెక్క

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, నేను ఏ కబడ్డీ గురించో క్రికెట్ గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను గోల్ఫ్ గురించి రాస్తున్నాను. వాలీబాల్ నెట్ చిరిగితే పాత చీర కొంగు ముడేసి ఆడిన మనకు గోల్ఫ్ ఎందుకన్నా అని నవ్వుకోకండి. చివరిదాకా చదివాక నవ్వు వస్తే అప్పుడు నవ్వండి.

నేను గోల్ఫ్ ఆటగాణ్ణి కాను. మా మేనమామ క్యాడీ. అంటే ఆటగాడి కర్రల సంచి మోస్తూ, ఎంత దూరముందో, ఏ కర్ర తీయాలో చెప్పే మనిషి. పాలమూరు నుంచి రాళ్ళు కొట్టే పనికి వచ్చినవాళ్ళలో ఆయన ఒకడు. 1998లో సైబర్ టవర్స్, 2001లో ఐ.ఎస్.బి. ప్రారంభమయ్యాయి. ఆ తరువాత మాదాపూర్, గచ్చిబౌలి వైపు గుట్టలు ఒక్కొక్కటే కరిగిపోయాయి. గచ్చిబౌలిలో అలాంటి గుట్టల మధ్యనే పీటర్ హారడైన్ అనే రూపశిల్పి గీసిన బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ కోర్సు వచ్చింది. అటు గోల్కొండ నయా ఖిలాలో, పాత కోట గోడల మధ్య మరో కోర్సు ఉంది. మన నగరం గోల్ఫుకు కొత్తేమీ కాదు, మనమే గోల్ఫుకు కొత్త.

ఆట ఏమిటి?

ముందు నాలుగు మాటల్లో ఆట చెబుతాను. ఒక కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. టీ అనే చోట బంతి పెట్టి కొట్టడం మొదలుపెట్టాలి. ఫెయిర్‌వే అనే పచ్చిక బాట మీదుగా పోయి, గ్రీన్ అనే నున్నటి పచ్చికలో జెండా దగ్గరున్న గుంతలో బంతి వేయాలి. ఆ గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో వేయాలో ఆ లెక్కను పార్ అంటారు. ఒక్కో హోల్‌కు 3, 4 లేదా 5 ఉంటుంది. 18 హోల్స్ కలిపితే చాలాచోట్ల 72 వస్తుంది. దారిలో ఇసుక గుంటలు, చెరువులు, ఎత్తుగడ్డి ఉంటాయి. బంతి నీళ్ళలో పడితే ఒక దెబ్బ జరిమానా. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు.

క్రికెట్ పిచ్ ఏ ఊళ్ళో అయినా 22 గజాలే. కబడ్డీ కోర్టుకూ కొలతలు ఒక్కటే. గోల్ఫులో అలా కాదు, ఏ రెండు కోర్సులూ ఒక్కలా ఉండవు. అందుకే కొత్త కోర్సులో ఆడాలంటే, దిగకముందే సగం ఆట కాగితం మీద ఆడాలి.

నేను చేసిన తప్పు

డిగ్రీ చివరి ఏడాది సెలవుల్లో మామకు జ్వరం వచ్చింది. ఆ రోజు ఒక పోటీ ఉంది. కూలి పోతుందని ఆయన బదులు నేను పోయాను. రాత్రంతా స్కోర్ కార్డు బట్టీపట్టాను. పరీక్షకు గైడు బట్టీపట్టినట్టే!

నాలుగో హోల్ పార్ 3. టీకీ గ్రీన్‌కూ నడుమ చిన్న చెరువు ఉంది. నేను సంచి మోస్తున్న సారు ఆ కోర్సుకు కొత్త. "ఎంత?" అని అడిగాడు. "150 గజాలు సార్" అన్నాను గట్టిగా. ఆయన ఏడో నంబరు ఐరన్ తీసి చక్కగా కొట్టాడు. బంతి గ్రీన్‌కు అవతలి ఒడ్డు అంచున తాకి, వెనక్కి దొర్లి నీళ్ళలో పడింది. ఆయన నన్ను తిట్టలేదు. తొమ్మిదో హోల్ తరువాత మాత్రం సంచి వేరే క్యాడీకి ఇచ్చారు. సగం కూలితో ఇంటికి వచ్చాను.

మంచంలో పడుకునే మామ అడిగాడు: "కార్డు చదివినవ్, మంచిదే. నేల చూసినవా అల్లుడా? గ్రీను మనకన్న ఎంత మీదికున్నది? గాలి ఎదురుంగ ఉన్నదా, ఎనక నుంచా? నీళ్ళు దాటనీకె ఎంత గావాలె?" ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. మామ ఆరో తరగతితో బడి మానేసినవాడు. ఇంగ్లీషు కార్డు చదవలేడు. కానీ ఆ నేల మొత్తం ఆయనకు కంఠతా వచ్చు. ఆ రోజు నుంచి ఆయన చెప్పినవి, తరువాత నేను చదివినవి కలిపి కింద రాస్తున్నాను.

మొదటి మెట్టు: కార్డును సరిగ్గా చదవడం

కార్డులో దూరం, పార్‌తో పాటు స్ట్రోక్ ఇండెక్స్ అని ఒక వరుస ఉంటుంది. 1 నుంచి 18 దాకా అంకెలుంటాయి. 1 అంటే సాధారణంగా అన్నిటికన్నా కష్టమైన హోల్, 18 అంటే తేలికైనది. కొత్తవాడు ముందు ఇది చూడాలి. కష్టమైన నాలుగైదు హోల్స్‌కు పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, అక్కడ పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువైనా ఫరవాలేదని ముందే ఒప్పుకోవాలి. ప్రశ్నపత్రం రాగానే ఏవి వదలాలో, ఏవి ముందు రాయాలో టిక్కు పెట్టుకుంటాం కదా, అదే పద్ధతి.

ఇప్పుడు ఫోనులో ఉపగ్రహ చిత్రం చూస్తే ఏ కోర్సు ఆకారమైనా కనబడుతుంది. దూరం చెప్పే లేజర్ యంత్రాలూ వచ్చాయి. 2019 నుంచి గోల్ఫ్ నియమాలు వాటిని అనుమతిస్తున్నాయి. అయితే పోటీల్లో ఎత్తుపల్లాలు కొలవడానికి యంత్రం వాడకూడదు. అది మనిషే చూసుకోవాలి.

రెండవ మెట్టు: జెండా నుంచి వెనక్కి నడవడం

హోల్‌ను టీ నుంచి జెండా వైపు చూడటం అందరూ చేస్తారు. తెలివైనవాడు జెండా నుంచి టీ వైపు ఆలోచిస్తాడు. జెండా గ్రీన్‌కు ఎడమ అంచున, ఇసుక గుంట వెనక ఉందనుకోండి. అప్పుడు కుడివైపు నుంచి కొట్టడం సులువు. కుడివైపు నుంచి కొట్టాలంటే మొదటి దెబ్బ ఫెయిర్‌వే కుడి సగంలో పడాలి. అక్కడ పడాలంటే టీ మీద ఏ కర్ర తీయాలి? ఇలా లెక్క చివరి నుంచి మొదటికి వస్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికా ఆటగాడు బెన్ హోగన్. ఆయన కమ్మరి కొడుకు. తొమ్మిదేళ్ళకే తండ్రి పోయాడు. పత్రికలు అమ్మాడు, క్యాడీగా సంచులు మోశాడు. 1953లో బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి స్కాట్లాండులోని కార్నూస్టీ కోర్సుకు పోయాడు. ఆ కోర్సు కొత్త, సముద్రపు గాలి కొత్త, చివరికి బంతి కూడా కొత్తే. అమెరికాలో బంతి 1.68 అంగుళాలైతే అక్కడ 1.62 అంగుళాలది వాడేవారు. అందుకని పోటీకి రెండు వారాల ముందే చేరుకొని సాధన చేశాడు. సాయంత్రాలు చివరి గ్రీన్ నుంచి మొదటి టీ వైపు వెనక్కి నడిచి కోర్సు చూసేవాడని చెప్పుకుంటారు. నాలుగు రౌండ్ల స్కోర్లు వరుసగా 73, 71, 70, 68. రౌండు రౌండుకూ తగ్గాయి, పోటీ గెలిచాడు. ఆ పోటీలో ఆయన ఆడింది ఆ ఒక్కసారే.

మూడవ మెట్టు: మన దెబ్బ మనకు తెలియడం

కోర్సు ఎంత తెలిసినా మన దెబ్బ తెలియకపోతే లాభం లేదు. చాలామంది జీవితంలో ఒక్కసారి కొట్టిన గొప్ప దెబ్బనే తమ దూరం అనుకుంటారు. మామ మాటల్లో, "పండుగ నాటి బువ్వ రోజూ దొరకది." ఒక్కో కర్రతో పది బంతులు కొట్టి, మధ్యలో వచ్చే దూరాన్ని రాసుకోవాలి. ఆ పది బంతులూ ఎడమకు కుడికి ఎంత చెదిరాయో కూడా చూడాలి. బంతులన్నీ 30 గజాల వెడల్పులో పడుతుంటే, గురి పెట్టేది ఒక చుక్కకు కాదు, 30 గజాల చాపకు. ఆ చాప అంచు చెరువులో పడకుండా పరచాలి. ఎడమన నీళ్ళుంటే గురి కుడికి జరగాలి, జెండా ఎక్కడున్నా సరే.

నాలుగవ మెట్టు: సాహసానికి లెక్క

నేను ఇప్పుడు చదువుతున్నది ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్. మా సబ్జెక్టు ఇక్కడ పనికొచ్చింది. ఒక పార్ 5 హోల్ ఊహించండి. రెండో దెబ్బతో చెరువు దాటిస్తే సగటున 4.5 దెబ్బల్లో అయిపోతుంది. నీళ్ళలో పడితే సగటున 7 అవుతుంది. చెరువుకు ఇవతలే ఆపి మూడో దెబ్బతో దాటితే సగటున 5.2 అనుకుందాం. దాటించే ప్రయత్నం ఎప్పుడు లాభం? లెక్క వేస్తే పదిలో ఏడుసార్ల కంటే కాస్త ఎక్కువ (72 శాతం) దాటగలిగినప్పుడే. పదిలో ఐదుసార్లే దాటేవాడికి సగటు 5.75 వస్తుంది, అంటే సగం దెబ్బకు పైగా నష్టం. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలే. పద్ధతి మాత్రం నిజమైనదే. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ ఇలాగే ఒక్కో దెబ్బకు విలువ కట్టే విధానం తయారుచేశారు. అమెరికా పీజీఏ టూర్ 2011 నుంచి ఆ విధానంలో లెక్కలు ప్రకటిస్తోంది.

ఈ లెక్క చెరువు ముందు నిలబడి వేయలేం. అక్కడ గుండె కొట్టుకుంటుంది, పక్కవాడు దాటించి నవ్వుతుంటాడు. అందుకే ముందురోజే వేసి రాసిపెట్టుకోవాలి.

ఐదవ మెట్టు: నేలనూ, నేల తెలిసినవాణ్ణీ అడగడం

గ్రీన్ మనకంటే ఎన్ని గజాలు ఎత్తులో ఉంటే దూరానికి సుమారు అన్ని గజాలు కలపాలి. పల్లంలో ఉంటే తీసేయాలి. నా 150 గజాల హోల్‌లో గ్రీన్ పది గజాలు ఎత్తులో ఉంది. అంటే 160. పైగా ఎదురుగాలి. ఏడో నంబరు చాలదు, కనీసం ఆరో నంబరు తీయాల్సింది. జెండా దూరం ఒక్కటే కాదు, నీళ్ళు దాటడానికి ఎంత, గ్రీన్ వెనక అంచు ఎంత అని మూడు అంకెలు చెప్పాలి. మన వైపు ఇంకోటి కూడా ఉంది. బంతి గ్రానైట్ బండకు తగిలితే ఎటు ఎగురుతుందో దేవుడికే ఎరుక. కాబట్టి బండ ఉన్న వైపును చెరువుతో సమానంగా చూడాలి.

ఇవన్నీ చెప్పగలిగేది రోజూ నడిచే క్యాడీ. క్యాడీలుగా మొదలై ఛాంపియన్లు అయినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, 1993లో మళ్ళీ గెలిచాడు. బెంగుళూరు వైపు క్యాడీగా పనిచేసిన మునియప్ప 2009లో అదే పోటీ గెలిచాడు. టోక్యో ఒలింపిక్స్‌లో (2021లో జరిగాయి) నాలుగో స్థానంలో నిలిచిన అదితీ అశోక్‌కు సంచి మోసింది ఆమె తల్లే.

ప్రణాళిక పాడైతే?

అంతా సరిగ్గా చేసినా బంతి మన మాట వినకపోవచ్చు. సాహిత్ తీగల అమెరికాలో పుట్టిన ఆటగాడు, తల్లిదండ్రులది మన హైదరాబాదే. 2022 ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజున 17వ హోల్‌లో గ్రీన్ వైపు గట్టిగా కొట్టాడు. బంతి నేల తాకి ఎడమకు దొర్లి నీళ్ళలో పడింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ అవకాశం పోయింది. అతను ఆట మార్చుకోలేదు, మానుకోలేదు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ప్రణాళిక గెలుపుకు హామీ కాదు. ఓడినప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి అదే ఆధారం.

చివరిగా

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. కొత్త చోటుకు పోయేముందు దారి చెప్పేవాళ్ళు మనలో చాలామందికి ఉండరు. ఈ మధ్య మాదాపూర్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. నేను ముందురోజే రాయదుర్గం మెట్రోలో దిగి నడిచాను. ఏ గేటు, ఎక్కడ సంతకం, లిఫ్టుకు ఎంతసేపు అన్నీ చూసుకున్నాను. గేటు దగ్గరి సెక్యూరిటీ అన్నను అడిగితే, నాకు తెలియని రెండు సంగతులు చెప్పాడు. పది గంటల ఇంటర్వ్యూ నుంచి వెనక్కి లెక్కేసుకొని రూము నుంచి బయలుదేరాను. ఉద్యోగం వచ్చిందా అంటే, ఫలితం ఇంకా రాలేదు. కానీ ఆ రోజు నా చేతులు వణకలేదు.

ఇంకో పని కూడా చేశాను. మామ పక్కన నడుస్తూ 18 హోల్స్‌కు 18 పేజీల నోట్‌బుక్ తెలుగులో రాశాను. చెరువు దాటడానికి ఎన్ని గజాలు, ఏ నెలలో గాలి ఎటు, ఏ గ్రీన్ ఎటు వాలింది అన్నీ ఆయన చెప్పినవే. పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చే పిల్లలకు మామ ఇప్పుడు ఆ పుస్తకమే ఇస్తున్నాడు. మొదటి పేజీ మీద ఆయన పేరు రాశాను. చూసి, "నా పేరెందుకురా, రాసింది నువ్వు గద" అన్నాడు. రాసింది నేనే. చదివింది మాత్రం ఆయనే.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (స్టాటిస్టిక్స్)