లాబ్రడార్‌ను పెంచదలచినవారు ముందు ఎండను తలచుకోవాలి

ఒకప్పుడు నగరాలకే పరిమితమైన లాబ్రడార్ శునకం నేడు తిరువళ్లూరు, తిరుత్తణి పరిసర పల్లెల్లోనూ ముద్దుగా పెరుగుతోంది. అయితే కాపలా కోసమని దానిని తెచ్చి వాకిట గొలుసుతో కట్టివేయడం తగదు. కాపలా దాని స్వభావానికి సరిపడదు. మన ఎండ దాని శరీరానికి సరిపడదు.

స్వభావం

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరాన, చల్లని సముద్రజలాల్లో బెస్తవారికి తోడుగా వలలు లాగిన శునకాలు దీని పూర్వీకులు. 1903లో బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మనుషులతో కలిసిమెలిసి ఉండడమే దీనికి ఇష్టం. పిల్లలతో చెలిమిగా ఉంటుంది; కొత్తవారినీ తోక ఊపి పలకరిస్తుంది. ఒంటరిగా కట్టివేస్తే దిగులుపడి అరుస్తుంది, చేతికందినది కొరుకుతుంది. కాపలాయే ముఖ్యమనుకునేవారికి ఈ నేలకు అలవాటుపడిన రాజపాళయం జాతి మేలు.

వేసవి సంరక్షణ

తిరుత్తణిలో వేసవి ఎండ తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది. లాబ్రడార్‌కు చలిని తట్టుకునే రెండు పొరల దట్టమైన బొచ్చు ఉంటుంది. శునకానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ప్రధానంగా రొప్పడం ద్వారా అది వేడిని బయటికి పంపుతుంది. కనుక తెల్లవారుజామున, పొద్దుగూకిన తరువాత మాత్రమే నడిపించాలి. నీడ, గాలి, చల్లని నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉంచాలి. రేకుల షెడ్డులో కట్టరాదు. బొచ్చు పూర్తిగా గొరిగించరాదు. రోజూ దువ్వితే చాలు. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలితే వడదెబ్బగా భావించి వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి పశువైద్యశాలకు తరలించాలి.

ఆహారం

ఈ జాతికి ఆకలి ఎక్కువ. అనేక లాబ్రడార్లలో ఆకలిని పెంచే జన్యుమార్పు ఉన్నదని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అడిగినప్పుడల్లా పెడితే ఒళ్లు పెరిగి కీళ్లు దెబ్బతింటాయి. పెద్ద శునకానికి రోజుకు రెండు పూటలు కొలిచి పెట్టాలి. ఉల్లిపాయ శునకానికి విషతుల్యం. కాబట్టి మిగిలిన సాంబారు అన్నం పెట్టరాదు. ఉడికించిన కోడి ఎముకలు విరిగి పేగులను చీల్చగలవు.

టీకాలు

పార్వో వంటి వ్యాధులకు ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులోనే టీకాలు మొదలుపెట్టాలి. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ వేయిస్తుండాలి. ఎంత సాధువైన శునకమైనా, బిడ్డను కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం.

లాబ్రడార్ పది పన్నెండేళ్లు బ్రతుకుతుంది. అన్నాళ్లూ ఇంటిలో నీడ, రోజులో కొంత సమయం ఇవ్వగలిగిన కుటుంబమే దానిని తెచ్చుకోవాలి.