కాగితం మీద పాదం

పేపర్ మిల్లు వచ్చాకే కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. ఆ ఊళ్లో షుగర్ ఉన్న మనిషిని నడకకు పురమాయించాలన్నా ముందు కావలసింది ఒక తెల్ల కాగితమే. దాని మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్నుతో గీత గీయాలి. గీత వెంట కత్తిరించిన బొమ్మను ఆయన తొడుక్కొచ్చిన చెప్పు మీద పరిచి చూడాలి. చిటికెన వేలి దగ్గర కాగితం అంచు దాటిందంటే, నడవమని ఎన్నిసార్లు చెప్పినా ఎందుకు నడవలేదో అర్థమవుతుంది. ఇరుకు చెప్పుతో నాలుగడుగులు వేసినా ఆనెకాయ సలుపుతుంది.

మన దగ్గర పాదాలకే ప్రత్యేకమైన వైద్యులు చాలా అరుదు. చిన్న పట్టణాల్లో ఆ పని నర్సుది, ఫిజియోథెరపిస్టుది, పల్లెల్లో ఏఎన్‌ఎంది. నడక గురించి వీళ్లు చెప్పే మాటకు నేను ఎక్కువ విలువిస్తాను. పాదాన్ని చేతిలోకి తీసుకుని చూసినవారి మాట అది.

నడవమంటే, "పొద్దంత పత్తి చేన్లనే ఉంట గద సిస్టరమ్మా, ఇంకేం నడవాలె?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. తీసిపారేస్తే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. పత్తి ఏరడం కష్టమే, కానీ చెట్టు చెట్టుకూ ఆగే పని. గుండె వేగం కాస్త పెరిగేలా ఆగకుండా సాగే నడక వేరు. "ఏరుడు అయిపోయినంక, ఎండకాలంల ఎంత నడుస్తరు బాపూ?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలంటోంది. మొదటిరోజే ఆ అంకె చెబితే బెదిరిపోతారు. షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం, ముప్పు తక్కువగా ఉండి సరైన చెప్పులు వేసుకునేవారు ఇప్పుడు నడిచేదానికి రోజుకు మరో 1,000 అడుగులు కలుపుకోవచ్చంటోంది. సుమారు పది నిమిషాలు. మే నెలలో అయితే ఎండ ఎక్కకముందే.

అంతకంటే ముందు స్పర్శ చూడాలి. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతిని పాదం మొద్దుబారుతుంది. పత్తికట్టె గుచ్చుకున్నా తెలియదు, కాలే సిమెంటు రోడ్డూ తెలియదు. పరికరమేమీ అక్కర్లేదు. పేషెంటును కళ్లు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు మెల్లగా తాకాలి. ఆరింటిలో రెండు గానీ అంతకు మించి గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అలాంటివారినీ నడవొద్దనకూడదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసే పని ఇంట్లో ఒకరికి అప్పగించి, మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేయించి, నెమ్మదిగా పెంచాలి. పుండు ఉంటే మాత్రం మానేదాకా ఆ కాలి మీద బరువు పడనివ్వకూడదు. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చేసే చేతుల కసరత్తే.

ఈ ప్రాంతంలో నడకకు భక్తి కూడా తోడుంది. గోండుల నాగోబా జాతరకు గోదావరి జలం తేవడానికి మెస్రం వంశీయులు చెప్పుల్లేకుండానే నడుస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నవారూ చెప్పులు వదిలేస్తారు. స్పర్శ పోయిన కాలికి అది ప్రమాదమని చెప్పక తప్పదు. మొక్కును చిన్నబుచ్చకుండా, దీక్ష మొదలవకముందే, వీలైతే గురుస్వామినీ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి.

మళ్లీ వచ్చినప్పుడు "నడిచినవా లేదా" అని నిలదీయొద్దు. చెప్పు తిప్పి చూడండి. ఒక పక్కే అరిగితే, అడుగు ఎక్కడ బరువుగా పడుతోందో ఆయనకే చూపించి, అరికాలిలో సరిగ్గా ఆ చోట వేలు పెట్టి నొక్కి చూడండి.