మనీ ప్లాంటుకు కావలసిన వెలుతురు

పట్టణములలో మనీ ప్లాంటు లేని ఇల్లు నేడు అరుదు. వసారాలో వ్రేలాడు కుండీలోనో, అలమర మీది సీసాలోనో ఒక తీగ క్రిందికి జారుచు కనబడును. ఇది పెరిగినకొలది ఇంటిలో ధనము పెరుగునని కొందరును, పొరుగింటినుండి చెప్పకుండ తెచ్చిన కొమ్మయే బాగుగ పట్టునని కొందరును నమ్ముదురు. ధనము మాట ఎట్లున్నను, తీగ పెరుగుటకు గల కారణములను మాత్రము పరీక్షించి తెలిసికొనవచ్చును. వానిలో మొదటిది వెలుతురు. “మనీ ప్లాంటుకు వెలుతురు అక్కరలేదు, ఏ మూల పెట్టినను బ్రతుకును” అను మాట తరచుగ వినబడుచుండును. పెక్కు తీగలు మెల్లమెల్లగ చచ్చుటకు ఈ మాటయే కారణము.

పుట్టిన చోటు

ఈ తీగ శాస్త్రీయ నామము ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. ఇది మన చేమ, కంద మొక్కల కుటుంబమునకే చెందినది. దీని జన్మస్థానము పసిఫిక్ మహాసముద్రమునందలి సొసైటీ దీవులలో ఒకటైన మొరేయా. అడవిలో ఇది నేలమీద ప్రాకుచు పోయి, చెట్టు దొరకగానే కణుపులవద్ద పుట్టు వేళ్లతో మ్రానును పట్టుకొని పైకెక్కును. పైకి పోయినకొలది వెలుతురు హెచ్చును, ఆకులును పెద్దవగును. మన తోటలలో కొబ్బరి, మామిడి మ్రాకులకు ఎక్కిన తీగకు మూరెడు పొడవున చీలికలు పడిన ఆకులు కనబడుటయు ఉన్నది. అదే తీగ కుండీనుండి వ్రేలాడునపుడు చిన్న ఆకులతోనే నిలిచిపోవును.

కాబట్టి ఇది నీడలో జీవితము ప్రారంభించు మొక్క అనుట నిజమే. కాని నీడ వేరు, చీకటి వేరు. ఈ భేదమును అంకెలతో చూచిన స్పష్టమగును.

కన్ను చేయు మోసము

వెలుతురును కొలుచుటకు లక్స్ అను ప్రమాణము కలదు. ఒక కొవ్వొత్తి మీటరు దూరమున నున్న కాగితముపై పరచు వెలుతురు సుమారు ఒక లక్స్. నడి ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్స్‌లు. దట్టమైన ఉష్ణమండలపు అడవిలో నేలవరకు చేరునది అందులో నూటికి ఒకటి రెండు పాళ్లు. అనగా 1,000 మొదలు 2,000 లక్స్‌లు. కిటికీకి దూరముగ గది మూలనుండు వెలుతురు తరచుగ 100 లక్స్‌లకు మించదు. అనగా మనము “నీడ” అనుకొను ఆ మూల, అడవి నేలకంటెను పదిరెట్లు చీకటి.

ఇంత భేదము మనకేల తెలియదు? మన కంటిపాప వెలుతురునుబట్టి చిన్నదగును, పెద్దదగును. కంటిలోని రెటీనా కూడ తన శక్తిని హెచ్చించుకొనును. అందుచేత ఎండలోను, మూలగదిలోను వార్తాపత్రికను చదువగలము. ఆకునకు ఇట్టి సౌకర్యము చాల కొద్ది. వెలుతురు ఎంత పడిన అంతతోనే అది పని జరుపుకొనవలెను.

జమ, ఖర్చు

పచ్చని మొక్క వెలుతురులో ఉన్నపుడే ప్రాణవాయువును విడుచునని 1779లో ఇంగెన్‌హౌజ్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఆకులోని పత్రహరితము కాంతిశక్తిని గ్రహించి, బొగ్గుపులుసు వాయువునుండి, నీటినుండి చక్కెరను తయారుచేయును. ఇది మొక్కకు జమ. రాత్రింబవళ్లు జరుగు శ్వాసక్రియలో కొంత చక్కెర వినియోగమగును. ఇది ఖర్చు. జమ ఖర్చులు సరిపోవు వెలుతురు మట్టమును పరిహార బిందువు అందురు. నీడ మొక్కలకు ఈ బిందువు తక్కువ. అందుకే ఎండ మొక్కలు నిలువలేనిచోట అవి నిలుచును. అయితే ఆ బిందువు వద్ద మొక్క బ్రతుకునే గాని పెరుగదు. అంతకు దిగువన, కాండములో నిలువయున్న ఆహారమును తినుచు నెలలకొలది కాలము గడపును. ఇంటివారు దానిని ఆరోగ్యమని భ్రమింతురు.

కాని తీగ తన లోటును చెప్పకపోదు. కణుపుల మధ్య దూరము సాగును. క్రొత్త ఆకులు చిన్నవగును. ఆకులపై పసుపు చారలు తగ్గును. పసుపు భాగములో పత్రహరితము తక్కువ గనుక, చారలెక్కువగల రకములకు వెలుతురును ఎక్కువే కావలెను.

నీరు పోసిన తీరునా?

ఆకు పసుపుబారగానే చాలమంది నీరో, ఎరువో ఎక్కువ చేయుదురు. 1905లో బ్లాక్‌మన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన సూత్రము ఇక్కడ జ్ఞాపకముంచుకొనదగినది. ఒక పనికి అనేక వస్తువులు కావలసినపుడు, అన్నిటిలో మిక్కిలి కొరతగ నున్నదే ఆ పని వేగమును నిర్ణయించును. మినపప్పు సోలెడే ఉన్నపుడు రవ్వ ఎంత పోసినను ఇడ్లీలు పెరుగవు గదా! మూలనున్న తీగకు కొరతయైనది వెలుతురు. నీరు పోసి దానిని పూరింపలేము.

పైగా కీడు జరుగును. తక్కువ వెలుతురులో ఆకులనుండి ఆవిరియగు నీరు తక్కువ. మట్టి ఆరదు, మట్టిరేణువుల మధ్య గాలి ఉండవలసినచోట నీరు నిలుచును, వేళ్లు ఊపిరాడక కుళ్లును. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు గనుక ఆకులు వాడును. వాడిన ఆకును చూచి మరల నీరు పోయుట జరుగును. మట్టి పైభాగము అంగుళము లోతు ఆరినపిదపనే నీరు పోయుట మేలు.

ఎక్కడ ఉంచవలెను?

తూర్పు కిటికీకి మీటరు లోపల ఉంచిన తీగ సాధారణముగ బాగుండును. ఉదయపు లేత ఎండ దానికి హానిచేయదు. వేసవిలో పడమటి కిటికీ ఎండ ఆకులను మాడ్చును గనుక పలుచని తెర కట్టవలెను. దక్షిణపు కిటికీని గురించి శీతల దేశపు పుస్తకములలో వ్రాసినది మనకు పూర్తిగ వర్తింపదు. లండనులో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవున దక్షిణముననే ఉండును. హైదరాబాదులో మే నెలలో నడినెత్తికి వచ్చును. జూన్‌లో కొంచెము ఉత్తరమునకును జరుగును. కావున ఇక్కడ దక్షిణపు కిటికీలో ఎండ లోనికి చొచ్చుకొనివచ్చునది డిసెంబరు ప్రాంతమున.

చోటును పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. మధ్యాహ్నవేళ తెల్లకాగితమును అక్కడ పరచి, అడుగు ఎత్తున చేయి పట్టవలెను. నీడ అంచులు స్పష్టముగ నున్న వెలుతురు తీవ్రము. మసకగనున్న తీగకు అనుకూలము. నీడయే పడనిచో వెలుతురు చాలదు. కిటికీ లేని గదిలో ఎల్.ఇ.డి. దీపమును అడుగు ఎత్తున రోజుకు 12 గంటలు వెలిగించిన పనికివచ్చును. మూలనుండి తెచ్చిన కుండీని ఒక్కసారిగ ఎండలో పెట్టరాదు. నీడలో పుట్టిన పలుచని ఆకులు మాడును. రెండు వారములలో కొంచెము కొంచెముగ కిటికీవైపు జరుపవలెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒకే తీగనుండి రెండేసి కణుపులుగల మూడు ముక్కలను కోసి, ఒకే పరిమాణముగల కుండీలలో నాటి, వేళ్లు పట్టి చిగురు వచ్చువరకు ఒకేచోట ఉంచవలెను. పిమ్మట మొదటిదానిని కిటికీ ప్రక్కను, మిగిలిన రెండింటిని గది మూలను ఉంచవలెను. మూలనున్న వానిలో ఒకదానికి మాత్రమే కొద్దిగ ఎరువు వేయవలెను. మట్టి ఆరినపుడు మాత్రమే దేనికైనను నీరు పోయవలెను. ప్రతి శనివారము క్రొత్త ఆకుల సంఖ్యను, ఆకు పొడవును, కణుపుల మధ్య దూరమును వ్రాసికొనవలెను. సెల్‌ఫోనులో లక్స్ చూపు సాధనమున్న, రెండు చోట్ల వెలుతురును పోల్చుటకు అది చాలును. ఎనిమిది వారముల తరువాత మూడు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, మూలనున్న తీగకు ఎరువు కావలెనో, వెలుతురు కావలెనో విద్యార్థులే నిర్ణయింపగలరు.