గర్భసంచి ఆపరేషన్ తర్వాత నీరసం, నిద్రలేమి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది 3 శాతం పైచిలుకే. అంటే కోనసీమలో ఈ ఆపరేషన్ తెలియని వీధి ఉండదు. తర్వాత వచ్చే నీరసం గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు.

అమలాపురంలోనో రాజోలులోనో ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి వారం తిరిగేసరికి లేచి తిరుగుతుంది. పైకుట్టు ఆరుతుంది. లోపలి కుట్లు మానడానికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈ మానే క్రమంలో శరీరం సైటోకైన్లు (గాయమైనప్పుడు విడుదలయ్యే సంకేత రసాయనాలు) వదులుతుంది. జ్వరంలో ఒళ్లు కూలబడేదీ వీటివల్లే. నాలుగు అంట్లు తోమి కూర్చుండిపోతే దాన్ని బద్ధకమనకండి.

దీనికి తోడు రక్తహీనత. నెలనెలా అధిక రక్తస్రావమై ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లే ఎక్కువ. రక్తం పోవడం ఆగింది గానీ, పోయిన ఇనుము తిరిగి చేరడానికి నెలలు పడుతుంది. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసంతో బాగా పడుతుంది. చీము పడుతుందని పప్పు, గుడ్డు, చేప మాన్పించే పత్యం నాకు సమ్మతం కాదు. గాయం మానేది ఆ మాంసకృత్తులతోనే.

ఇక నిద్ర. మొదటి వారాల్లో నొప్పి లేపుతుంది. పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే పొట్ట లాగదు. డాక్టరు రాసిన నొప్పి మాత్రను పడుకునే వేళకు వేసుకోవడం కుదురుతుందేమో అడగండి. పగటి కునుకు మధ్యాహ్నం అరగంటతో సరిపెట్టాలి. రోజూ అరుగు మీదో పెరట్లోనో కాసేపు నడవాలి, ఓపికను బట్టి పెంచాలి. నిండు బిందె, కొబ్బరికాయల గోనె ఆరు వారాలు ముట్టుకోవద్దు.

నెలలు గడిచినా అర్ధరాత్రి వేడి ఆవిర్లతో మెలకువ వస్తోందా? కోనసీమ ఉక్కలో దీన్ని పోల్చుకోవడం కష్టం. పక్కన పడుకున్నవాళ్లు హాయిగా ఉండి మీ ఒక్కరికే జాకెట్టు తడిస్తే, డిశ్చార్జి కాగితం తీయండి. అండాశయాలు కూడా తీశారా? తీస్తే ఈస్ట్రోజన్ (అండాశయాలు తయారుచేసే ముఖ్యమైన స్త్రీ హార్మోన్) ఒక్కసారిగా పడిపోతుంది. సహజంగా ఏళ్ల తరబడి జరిగే మార్పు రోజుల్లో మీద పడుతుంది. నిద్ర చెడుతుంది, ఎముకలు పలచబడతాయి. ముప్పైల్లో ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం: హార్మోన్ చికిత్స తమకు తగునో కాదో డాక్టరుతో తేల్చుకోవాలి. చాలామందికి తమ అండాశయాలు ఉన్నాయో లేవో కూడా తెలియకపోవడం నన్ను బాధిస్తుంది. అది అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

జ్వరం, దుర్వాసనతో స్రావం, ఎక్కువ రక్తం, ఒక పిక్క వాచి నొప్పి, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకున్నా, నీరసం ఆరు వారాల పరీక్ష నాటికి తగ్గుముఖం పట్టకపోతే, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి.