అక్షరం, వర్ణం, సందేశం: గ్రాఫిక్ డిజైన్ విద్య

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో వాడే ప్రతి పురుగుమందు డబ్బాపై, మూలపై నిలబెట్టిన ఒక చిన్న చతురస్రం కనబడుతుంది. ఆ గుర్తు చెప్పేదేమిటో మనలో ఎందరికి తెలుసు? గ్రాఫిక్ డిజైన్ అనే పట్టభద్ర విద్య ఎటువంటిదో గ్రహించడానికి ఆ చతురస్రాన్ని మించిన పాఠం లేదని మా అభిప్రాయం.

1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నాటి నియమావళి ప్రకారం ఆ చతురస్రం లేబులు ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గరాదు. దానిని రెండు త్రిభుజాలుగా విభజిస్తారు. పైదానిలో హెచ్చరిక పదం, కింది దానిలో రంగు ఉంటాయి. ఎరుపు అత్యంత విషానికి, పసుపు అధిక విషానికి, నీలం మధ్యరకానికి, ఆకుపచ్చ స్వల్ప విషానికి సంకేతాలు. ఎరుపు గుర్తు గల డబ్బాపై పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది.

ఈ ఏర్పాటు సదుద్దేశంతో చేసినదే. కాని రంగుకు అర్థం చట్టం వల్ల మాత్రమే రాదు, లోకానుభవం వల్ల వస్తుంది. పసుపు మన గడపలకు పూసే శుభచిహ్నం. ఆకుపచ్చ పైరు రంగు, దర్గాలో కప్పే చాదరు రంగు. ఆకుపచ్చ గుర్తును చూచి అపాయం లేదనుకొని, ముఖానికి గుడ్డ కట్టకుండా రైతు మందు పిచికారీ చేస్తే ఆ దోషం అతనిదేనా? రంగులకు, బొమ్మలకు, గుర్తులకు ఒక సమాజం ఇచ్చుకున్న అర్థాల సముదాయమే దృశ్య సంస్కృతి. ఆ అర్థాలను ఎరిగి సందేశాన్ని తీర్చిదిద్దడమే గ్రాఫిక్ డిజైన్.

ఇక లిపి సంగతి. తెలుగులో చాలా గుణింతపు గుర్తులు అక్షరానికి పైన, వత్తులు ఎక్కువగా కింద చేరుతాయి. ఇరుకు చోట అక్షరాన్ని కుదిస్తే వత్తులు అలుక్కుపోతాయి. ఉర్దూ నస్తాలీఖ్ లిపి కుడి నుండి ఎడమకు సాగుతూ, పదం పదం పైనుండి కిందికి వాలుతుంది. అందువల్లనే ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల చేతివ్రాతను ఆశ్రయించాయి. 1981లో నూరీ నస్తాలీఖ్ వెలువడిన పిమ్మట ఆ లిపి యంత్రానికి చక్కగా లొంగింది. ఆంగ్లానికి కొలిచిన చోటులో ఈ రెండు లిపులను ఇరికిస్తే ఏదీ చదువరికి అందదు. మందు కలపడం, చల్లడం, చేతులు కడుక్కోవడం అని మూడు బొమ్మలు వరుసగా వేసినా, ఉర్దూకు అలవాటుపడిన కన్ను కుడి వైపునుండి మొదలుపెట్టవచ్చు. బొమ్మలకు అంకెలు వేస్తే ఆ చిక్కు తీరుతుంది.

ఇటువంటి సూక్ష్మాలను నేర్పే ఈ విద్య నాలుగు సంవత్సరాలది. మొదట చిత్రలేఖనం, వర్ణపరిచయం, రూపపరిశీలన ఉంటాయి. తరువాత అక్షరరూపకల్పన, ముద్రణ, ఛాయాగ్రహణం వస్తాయి. చివరకు ఒక నిజమైన సమస్యను తీసుకొని విద్యార్థి స్వయంగా పరిష్కారం చూపాలి. జాతీయ డిజైన్ సంస్థ 1961లో అహమ్మదాబాదులో నెలకొన్నది. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన అటువంటి సంస్థ 2015లో గుంటూరు చెంతనే, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తరగతులు ప్రారంభించింది. 2019 నాటి చట్టసవరణతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. కమ్యూనికేషన్ డిజైన్ అందులో ఒక శాఖ. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనా ప్రవేశపరీక్ష వ్రాయవచ్చు.

తెలుగు, ఉర్దూ రెండూ చదవగల మన విద్యార్థులకు ఈ రంగంలో పుట్టుకతో వచ్చిన పెట్టుబడి ఉంది. ఆసక్తి గలవారు ముందుగా ఒక చేనికి వెళ్లి, డబ్బాపై గుర్తును చూపి, దీని అర్థమేమని రైతును, కూలీని అడగాలి. వారు చెప్పే సమాధానమే ఈ విద్యలో మొదటి పాఠం.